నడిచిన చివరి కమిట్

అక్కా,

చించేసే లోపు సగమైనా చదువు. బావ రాసిన కోడంతా దాచిన రిపోజిటరీని, అది వాడుకునే తయారు కోడు లైబ్రరీలతో సహా, ఆఫీసులో అందరి కోడూ కలిపి నడిపే ఉమ్మడి బిల్డులోకి తెచ్చే పని నా నెత్తిన పడింది. ప్రతిదానికీ ఏ రోజు కమిట్, అంటే ఏ రోజు భద్రపరిచిన కోడు, వాడాలో కాన్ఫిగరేషన్‌లో రాయాలి. బావ చివరి కమిట్‌తో బిల్డు కాలేదు. కిందటి వానాకాలం దాకా వెనక్కి వెళ్తే గానీ నడిచే కమిట్ దొరకలేదు. ఆ తర్వాత నుంచీ, తనే తీసేసిన లైబ్రరీని ఇంకా ఉందనుకుని కోడులో పిలుస్తూనే ఉన్నాడు.

బావకి మతిమరుపు జబ్బు ఈ ఎండాకాలమే మొదలైందన్నాడు డాక్టరు. నువ్వేమో, బావ నీ మాట చెవికెక్కించుకోవట్లేదని అంతకుముందు చలికాలంలోనే ఇల్లు వదిలి వెళ్లావు. అది నిర్లక్ష్యం కాదక్కా. బావకి అప్పటికే జబ్బు.

బిల్డుకి ఆ వానాకాలం కమిట్ రాసిచ్చాను, నడుస్తోంది. బావ మాత్రం గుమ్మంలో కూర్చుని, మీ అక్క బజారు నుంచి ఇంకా రాలేదేమిట్రా అంటున్నాడు.

నీ తమ్ముడు