తాత కడుపుకి ఫస్టు ర్యాంకు

విశాఖపట్నం

సుక్రు తాతకు హేమలత నమస్కారాలు.

మన ఊళ్ళో సిగ్నల్ దొరకదు కాబట్టి ఆశా వర్కరు ముత్యాలమ్మ చేతికి ఈ ఉత్తరం, ఒక డబ్బా ఇచ్చాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి రక్తం ఎందుకు తగ్గిపోతుందో మా ల్యాబులో చూస్తున్నాం. పేగుల్లో మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరగడం కూడా ఒక కారణమేమోనని మా అనుమానం. నీకూ ఆ జబ్బే, హిమోగ్లోబిన్ ఏడుకి దిగింది కదా! ఈ పరీక్ష లిస్టులో నీ పేరుంటే డాక్టర్ ఫణీంద్రగారు నెలనెలా చూసి వైద్యం చేస్తారు. డబ్బాలో నీ మలం కొంచెం పెట్టి పంపు. సిగ్గుపడకు.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క. చెంచాడు చాలు. డబ్బా నింపెయ్యకు.

ముంచింగిపుట్టు మండలం

అమ్మీ హేమలతా, దీవెనలు.

ముత్యాలమ్మ పైకి చదివేసింది. నా తల తీసేసినట్టయింది! అలాటివి రాస్తారేటే గుంటా? అయినా పట్నంలో మన పరువు కదా. కాఫీపళ్ళు కొనుగోలు సెంటర్‌కి తోలినప్పుడు పచ్చివి ఏరి పారేసి ఎర్రగా పండినవే పంపుతాను. నా బస్తా ఏనాడూ తిరిగిరాలేదు. ఇదీ అలాగే సూసి మరీ పంపుతున్నాను.

ఇట్లు,
మీ తాత

తా.క. డబ్బా మీద నా పేరు పెద్దక్షరాలతో రాశాను. ఇంకొకడిది అనుకుంటారేమో.

విశాఖపట్నం

తాతకు నమస్కారాలు.

నీ రిపోర్టు చూసి ఫణీంద్రగారు కుర్చీలోంచి లేచిపోయారు! కిడ్నీ రోగి కడుపులో ఇన్ని మంచి సూక్ష్మజీవులు ఎప్పుడూ చూడలేదట. అరవైమందిలో నీదే ఫస్టు. నాకెంత గర్వంగా ఉందో! కానీ ఒక చిక్కు. పేగులు ఇంత బాగున్నవాళ్ళు ఈ పరీక్షకి పనికిరారట, నెలాఖరుకి నీ పేరు తీసేస్తారు. మరి నీ వైద్యం ఎలా తాతా?

ఇట్లు,
హేమలత

తా.క. రిపోర్టు జతచేశాను. నువ్వేం తింటావో ఫణీంద్రగారు అడిగారు, తనూ మొదలుపెడతారట.

ముంచింగిపుట్టు మండలం

హేమలతకి మామ్మ సోములమ్మ దీవెనలు.

నాకూ రాయడం వచ్చు, మీ తాతే కలం ఇవ్వడు. నీ ఉత్తరం దాచేసి, రిపోర్టు మాత్రం పట్టుకుని సంతంతా రొమ్ము విరుచుకు తిరిగాడు. ఓలమ్మో, ఆ డబ్బాలోది నాదే! "నాది బాగోదే, మనూరి పరువు పోద్ది, నీది ఇయ్యే" అని బతిమాలితే ఇచ్చాను. నిన్న ఉత్తరం నా కంటపడింది. పేరు తీసేస్తారని అందులో ఉంది. మెట్ట ఎక్కేలోగా మూడుసార్లు కూలబడే మనిషికి పరువేటి? నాకు మీ తాత కావాలి గుంటా. నేను కేకలేస్తే ఈ ఉత్తరంతో పంపే రెండో డబ్బా ఇచ్చాడు. ఇది అచ్చంగా ఆయనదే. పెద్ద డాక్టరుకి నిజం చెప్పి, పేరు నిలబెట్టు.

ఇట్లు,
మీ మామ్మ

తా.క. ఆ ఫస్టొచ్చిన రిపోర్టు మీద తాత పేరు కొట్టేసి నా పేరు రాయించి బేగి పంపు. గోడకి మేకు కొట్టి ఉంచాను.