నత్తి తీసేసే సాఫ్ట్‌వేర్

మా కాలేజీ సినిమా కథానాయకుడు, తాళాలు బాగుచేసే నాన్నగారికి, దర్శకుడినని చెప్పుకు తిరుగుతున్న మీ చిన్నోడు సవినయంగా విన్నవించుకునేదేమిటంటే:

ఎడిటింగ్‌కి రెండు సాఫ్ట్‌వేర్లు చూశాను. కొత్తది మహా చురుకు. మాటల మధ్య ఖాళీలనూ, రెట్టించిన అక్షరాలనూ తనంతట తనే కత్తిరించి, మీ నత్తిని మాయం చేసేసింది. “మీ నాన్న టీవీలో వార్తలు చదువుతారా ఏంట్రా?” అన్నాడు మా కెమెరావాడు.

కానీ నాన్నా, నా పేరు నాలుక మీద చిక్కుకున్నప్పుడు మీరు ఆగి, నావైపు చూసి నవ్వుతారు. ఆ నవ్వూ తెగిపోయింది. అందుకే, చెప్పిన చోటే కత్తిరించే పాతదే వాడాలని ఉంది.

హాల్లో అందరూ నవ్వుతారని మీ భయం. నోరు మీది, తీర్పూ మీదే. ఫోన్ చేసి చెప్పండి. తొందరేం లేదు, మాట పూర్తయ్యేదాకా లైన్లోనే ఉంటాను.