తడిబట్టల ప్రమాణం

చెన్నూరు, 2 ఆగస్టు 1948

నిజాం సర్కారు కోర్టులు బహిష్కరించండని సరిహద్దు అవతల కాంగ్రెస్ వాళ్లు నడిపే చాందా క్యాంపు నుంచి కబురొచ్చింది. కోర్టు గుమాస్తా ఉద్యోగం వదిలేశాను. ఆ పాపానికి మా సాలెవాడ నన్ను జడ్జిని చేసింది. కోర్టు కొమురెల్లి మగ్గాల కొట్టంలో. బయటికి భజన, లోపల విచారణ. కొమురెల్లితో కలిపి తీర్పు చెప్పేవాళ్లం ఐదుగురం. ఆ మిగతా నలుగురి మీదా నాకు పెద్ద నమ్మకం లేదు.

ఈరోజు కేసు నూలు బేళ్లది. వాడకంతా ఉన్న నూలు అదే. దశరథం పెరట్లోని ఖాళీ ధాన్యం పాతరలో దాచాం. రజాకార్లు వచ్చి, ఇంకెక్కడా వెతక్కుండా నేరుగా దాని మూతే ఎత్తి బేళ్లన్నీ పట్టుకుపోయారు. ఎవరో చెప్పారు.

3 ఆగస్టు

దశరథం కొడుకు సాంబయ్య చాందా క్యాంపులో ఉన్నాడు, గసుంటి ఇంటోడు మనల పట్టిస్తడా అంటాడు కొమురెల్లి. కొడుకును కాపాడుకోవడానికే పట్టించి ఉంటాడని నేనన్నాను.

5 ఆగస్టు

అనుమానం ఉన్న ముగ్గురికీ ప్రమాణం పెట్టాం. గోదావరిలో మునిగి, తడిబట్టలతో మార్కండేయుడి పటం ముందు నేను చెప్పలేదంటూ దీపం ఆర్పాలి. ఇద్దరు ఆర్పారు. దశరథం పొడిబట్టలతో గడప బయటే నిలబడ్డాడు. నేను చెయ్య, ఎందుకని అడగకుండ్రి అన్నాడు.

ఇంకేం కావాలి?

వెలి వేశాం. నిప్పు, నీళ్లు, మాట, అన్నీ బంద్. జర ఆగుదామన్నాడు కొమురెల్లి. నేనే పట్టుబట్టాను.

6 ఆగస్టు

దశరథం భార్య ఐలవ్వ వారంగా జ్వరంతో మంచంలోనే ఉందట. నాకేం.

9 ఆగస్టు, పొద్దున

దశరథం చీకటితోనే ఇల్లు కదిలాడు. రజాకార్లను కలవడానికేనని వెంటపడ్డాను. గోదావరి ఒడ్డున ఆకులో అన్నం పెట్టి, దూరంగా కూర్చుని కాకి కోసం చూస్తున్నాడు. పోయినవాళ్ల పేరిట పిట్టకు పెట్టే అన్నం.

ఎవరికని అడిగాను.

మా సాంబనికే లింగమూర్తన్నా అన్నాడు. సరిహద్దుల కాల్చి చంపిండ్రట. ప్రమాణానికి ముందురోజే క్యాంపు మనిషి నాకు చెప్పిపోయిండు. మైలల ఉన్నోన్ని, దేవుని పటం ముంగట దీపం ఎట్ల ముట్టుదు అన్నాడు. ఆ మాట అప్పుడే చెప్తే ఇంట్ల ఆమెకు తెలుస్తది, గీ జ్వరంల బతకదు అన్నాడు.

సాయంత్రమే తీర్పు రద్దు చేయిస్తానన్నాను. నా కాళ్లు పట్టుకున్నాడు. వద్దన్నా, ఆమె కోలుకునేదాక వెలి ఉండనియ్యి. గడపల మనిషి అడుగుపెట్టకుంటే ఆమెకు చెప్పెటోడు ఉండడు అన్నాడు.

ఏడుపొచ్చింది. నా తీర్పు మీద నాకే అసహ్యం వేసింది.

నలుగురికీ చెబుదామా? చెబితే పొద్దుగూకేలోపు వాడంతా తెలుస్తుంది. చెప్పను.

12 ఆగస్టు

కేసు మళ్లీ చూద్దామన్నాడు కొమురెల్లి. అక్కర్లేదన్నాను. దశరథంతోని నీకేం పగ అని అందరి ముందూ అడిగాడు. రజాకార్లకు చెప్పింది నేనేనేమో అన్నట్టు చూశారు నలుగురూ. బేళ్ల సంగతి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

17 ఆగస్టు

ఐలవ్వ గోడలు పట్టుకుంటూ మా ఇంటిదాకా వచ్చింది. గడప దాటలేదు. మాకు నీళ్లు బందువెట్టిండ్రు, పెట్టుండ్రి, మా సాంబడు వస్తే వానికి మాత్రం ఇన్ని నీళ్లు పొయ్యన్నా, వాడేం తప్పు చెయ్యలే అంది.

పోస్తానన్నాను.