జేరామ్ కూలి

సూరత్
నవరాత్రులకు ముందు

కంచన్‌కి, ప్రేమతో,

పిల్లలు కులాసా అని రాశావు, సంతోషం. నేనే బాగాలేను. జ్వరం కాదు, కడుపుమంట.

మా వజ్రాల సానచక్రం చుట్టూ నలుగురం కూర్చుంటాం, తెలుసుగా. అమెరికాలో వజ్రాలు కొనేవాళ్ళు తగ్గారని లవ్‌జీ సేఠ్ రాయికిచ్చే కూలి తగ్గించాడు. కాలం అలాంటిదని నోరు మూసుకున్నాం. తీరా చూస్తే నా పక్కన కూర్చునే జేరామ్‌కి మాత్రం తగ్గించలేదు! "వాణ్ణి పక్క కార్ఖానావాళ్ళు లాక్కుపోతారు" అన్నాడట. అదే చక్రం, అవే రాళ్ళు. వాడికి పని నేర్పింది నేనే కంచన్! వాడు టీ తాగుతున్నా నాకు ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు మా ముగ్గురి చేతులూ సాగడం లేదు. పోయేది మా కూలేనని తెలుసు, అయినా సాగవు. నిన్న నా రాయిని కావాలని గట్టిగా అదిమాను. చక్రం అదిరి జేరామ్ రాయి మీద గీత పడింది. సేఠ్ వాణ్ణి తిట్టాడు. నాకు హాయిగా అనిపించింది.

దీపావళి సెలవులకు వచ్చాక మళ్ళీ వెళ్ళను. వేరుశనగ చేనే చూసుకుంటాను. మీ నాన్నతో చెప్పు.

నీ పర్షోత్తం

సూరత్
దీపావళి ముందు

కంచన్‌కి,

మీ నాన్నతో ఏమీ చెప్పకు. సెలవులయ్యాక మళ్ళీ ఇక్కడికే పనికి వస్తాను.

మేం ముగ్గురం సేఠ్ దగ్గరికి వెళ్ళాం. "నలుగురికీ ఒకటే ఇవ్వండి సేఠ్" అన్నాను. మాకు పెంచుతాడనుకున్నాం. ఆయన నవ్వి, "న్యాయమైన మాటే భాయ్" అని జేరామ్ కూలి తగ్గించి మాతో సమం చేశాడు. మాకు పైసా పెరగలేదు.

ఆ మధ్యాహ్నం మా పని చూడాల్సింది! పాటలు పాడుకుంటూ రాళ్ళు సానపట్టాం. సేఠ్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. తర్వాతి వారం నలుగురికీ ఇంకో కోత పెట్టాడు. "అందరికీ సమానమే, ఇంక గొడవేముంది?" అన్నాడు. సరేనని మళ్ళీ చక్రం దగ్గర కూర్చున్నాం.

సాయంత్రం జేరామ్ తను తింటున్న గాంఠియా పొట్లం నా ముందుకు జరిపాడు. "పర్షోత్తంభాయ్, ఇప్పుడు బావుందా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

"ఏం బావుంటుందిలే" అన్నాను. అబద్ధం. బావుంది కంచన్. ఇంతకుముందుకన్నా తక్కువ సంపాదిస్తున్నాను, అయినా కంటినిండా నిద్రపోతున్నాను.

ఈ దీపావళికి నీకు చీర తేలేను. తిట్టు, పడతాను. జేరామ్ పెళ్ళానికీ లేదులే.

నీ పర్షోత్తం