పాపను పంపకు

అక్కకు,

నీ కూతురికి కూడా పని ఇప్పిస్తానని మన వీధి టైలరమ్మ అందని నిన్న ఫోన్‌లో ఎంతో సంబరంగా చెప్పావు. చుట్టూ మనుషులున్నారని ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

కుట్టుపనికని తెచ్చి ఆవిడ నన్ను ఒక ఇంట్లో అప్పగించి వెళ్లిపోయింది. అక్కడ కుట్టుమిషనే లేదు. మగవాళ్లు వచ్చేవారు. అంతకు మించి రాయలేను, నువ్వే అర్థం చేసుకో.

జ్వరం ఎంతకీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాకు కాపలా వచ్చినావిడను నర్సు బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, "నీ ఇష్టంతోనే ఉంటున్నావా తల్లీ?" అని అడిగింది. తలెత్తలేక ఏడ్చాను. ఆమె నన్ను మళ్లీ వాళ్లతో పంపలేదు.

ఇప్పుడు ఆడవాళ్ల ఆశ్రమంలో క్షేమంగానే ఉన్నాను. అంటుకున్న జబ్బు మందులతో నయమవుతుందట. "సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా" అంటుంది నర్సు. అయినా పక్క మంచం వాళ్లు చదువుతారేమోనని మందుసీసా మీది కాగితం గీకేశాను.

పాపను మాత్రం పంపకు. వెళ్తానని మొండికేస్తే ఈ ఉత్తరం దాని చేతికే ఇవ్వు. పిన్ని ఇలాంటిదా అని అనుకుంటే అనుకోనీ. ఇంట్లో నీ పక్కన కూర్చుని అనుకోనీ.

నీ చెల్లెలు