ఏడో నంబర్ నఫర్

సజ్జా, షార్జా
4-2-2022, శుక్రవారం

చిరంజీవి వాసంతికి బాపు దీవెనలతో రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. దగ్గు పూర్తిగా తగ్గింది, ఇక కషాయం తాగావా అని రోజూ అడగనక్కరలేదని మీ అమ్మతో చెప్పు. అక్కడ నువ్వు, అమ్మ, అవ్వ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మా షెడ్డులో పనిచేసే ప్రమోద్ ఆదివారం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. ఈ కవరు అతని చేతికిస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు, మొదలుపెట్టింది నువ్వే. సారు లేఖ రాయమంటే అందరూ ఊహించి రాస్తారు, నువ్వు నిజంగానే నాలుగు పేజీలు రాసి పంపావు. మల్లేశ్ అని నా పేరు మీద ఉత్తరం రావడం ఈ క్యాంపులో పెద్ద వింత. గదిలో వాళ్లంతా చదివి వినిపించమని పట్టుబట్టారు. మూడు పేజీలు చదివాను. నాలుగోది మడిచి జేబులో పెట్టుకున్నాను.

ముందు తేలిక ప్రశ్న. అవ్వ వండే జర్మన్ తపేల, మీ సోషల్ పాఠంలోని జర్మనీ ఒకటేనా అని అడిగావు. అల్యూమినియానికి మన దగ్గర ఆ పేరు ఎట్లా వచ్చిందో నాకూ తెలియదు. చిన్నప్పుడు జర్మనీ యుద్ధం అంటే గిన్నెల కోసం కొట్టుకున్నారనే అనుకునేవాణ్ని. ఇక్కడ నా పని కిటికీ ఫ్రేములకు ఆ అల్యూమినియం కోయడమే కదా. నీ కొడుకు దుబాయ్‌లో పొద్దంతా జర్మన్ కోస్తున్నాడని అవ్వతో చెప్పు, ఊరంతా చాటుతుంది.

ఆర్థిక మాంద్యం ఎంత చదివినా బుర్రకెక్కడం లేదన్నావు. కరోనా వచ్చిన ఏడు నేను చూసిందే చెప్తాను. మా షెడ్డులో ఫ్రేములు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పని వచ్చిన చేతులున్నాయి, మిషన్లు బాగున్నాయి, ఇండ్లు లేనివాళ్లు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. అయినా కొనేవాడు లేడు. కొనేవాడు లేడని పని ఆపారు, పని ఆపారని మేము ఏమీ కొనలేదు, మేము కొనలేదని కింద కిరాణా కొట్టు ఖాదర్ హుస్సేన్ షట్టర్ దించాడు. ఒకరి కడుపు కాలితే ఇంకొకరి పొయ్యి ఆరిపోతుంది. తొంభై ఏళ్ల కింద దేశాలకు దేశాలే అట్లా అయ్యాయట. పరీక్షలో నీ మాటల్లో రాయి, సారు కాదనడు.

ఇక నాలుగో పేజీ. "ఆ నియంత మాట అంతమంది ఎందుకు విన్నారు బాపూ? అందరూ చెడ్డవాళ్లేనా? మనుషులకు నంబర్లు వేసి తీసుకుపోతుంటే పక్కింటివాళ్లు ఎట్లా ఊరుకున్నారు? నువ్వయితే కాదనేవాడివి, నాకు తెలుసు" అని రాశావు. ఆ చివరి మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నాతో ఇదే గదిలో ఉన్న మన పోశయ్య కాక పని వదిలి ఇంటికి ఎందుకు వచ్చాడని అడిగితే పని లేక పంపారని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధం.

పని ఆగిన రోజుల్లో మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. మెస్సు మూసేసి రోజుకు ఒక్కపూట, మనిషికి రెండు ఖుబూస్ రొట్టెలు ఇచ్చారు. పదకొండు రోజులు అట్లా గడిచాక పోశయ్య ఎవరికీ చెప్పకుండా లేబర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. మెట్ల కింద మెల్లగా మాట్లాడుతుంటే నా ఒక్కడికే వినబడింది. ఎవరో వచ్చి చూసి వెళ్లారు. ఆ సాయంత్రమే అన్నం, పప్పు వచ్చాయి. అందరం కడుపు నిండా తిన్నాం, నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

మూడో రోజు పొద్దున ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను ఒక్కణ్నే ఆఫీసుకు పిలిచాడు. గదిలో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవాణ్ని కనుక ఏ మంచం ఎవరిదో రాసే లిస్టు నా చేతిలో ఉండేది. ఇక్కడ మనిషిని నఫర్ అంటారు. ఎంతమంది వచ్చారు అనరు, ఎన్ని నఫర్లు అంటారు. ముదీర్ అరవలేదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "ఫోన్ కిస్నే కియా? ఏక్ నఫర్ జాయేగా. నహీ బోలేగా తో పూరా కమ్రా ఖలాస్" అన్నాడు. ఒక్కడు పోతే సరి, చెప్పకపోతే గది మొత్తం ఇంటికే అని.

నీ చదువు గుర్తొచ్చింది, అవ్వ మందులు గుర్తొచ్చాయి. అవి నిజమే కానీ వాటి వెనక దాక్కోను. నాకు భయమేసింది బిడ్డా. "సాత్ నంబర్ నఫర్" అన్నాను. ఏడో మంచం పోశయ్యది. పేరైతే చెప్పలేదు కదా అని ఆఫీసు మెట్లు దిగుతూ నాకు నేనే చెప్పుకున్నాను. అదే మాట ఏడాదిన్నర చెప్పుకుంటూ బతికాను.

మీ పాఠంలోని ఘోరంతో దీన్ని పోల్చడం లేదు. కానీ ఆ పక్కింటివాళ్లు ఎట్లా ఊరుకున్నారో నీకు పుస్తకం కన్నా నేనే బాగా చెప్పగలను. వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు అయి ఉండరు. పొద్దున లేచి పనికి పోయేవాళ్లు, పిల్లల ఫోటోలు పర్సులో పెట్టుకునేవాళ్లు. అందుకని వాళ్ల తప్పు చిన్నది కాదు, నాదీ చిన్నది కాదు.

నీ ఉత్తరం అందిన మూడో నాడు పోశయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాకెరుకే మల్లేశా" అన్నాడు. "నేను బస్సెక్కిన నాడు కమ్రాల అందరు కిందికి దిగచ్చిండ్రు. నువ్వొక్కనివే రాలే. గప్పుడే సమజైంది."

తప్పయిందన్నాను. క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు. "వాసంతికి చెప్పినవా?" అని అడిగాడు. లేదన్నాను. "మొన్న బడి కాడ కలిసింది. మా బాపు అసొంటోడు, ఇసొంటోడు అని ఒకటే చెప్పబట్టింది. నేను ఊకున్న. నా నోటెంట రావద్దు, నువ్వే చెప్పు" అని ఫోన్ పెట్టేశాడు.

చూశావా, నా గురించి నీ దగ్గర ఒక్క మాట అనకుండా ఊరుకున్నాడు. ఆ రోజు ముదీర్ ముందు నేను ఊరుకోలేకపోయాను.

అందుకే రాస్తున్నాను. నేను కాదనలేదమ్మా. అడగ్గానే చెప్పేశాను. ఇది చదివాక నన్ను బాపూ అని పిలవబుద్ధి కాకపోతే కొన్నాళ్లు పిలవకు. ఫోన్ మాత్రం ఎత్తు. ఏమీ మాట్లాడకపోయినా సరే, ఎత్తి పట్టుకో.

ఇట్లు,
మీ బాపు