ఏమీ నేర్చుకోని భానుప్రకాశ్

విశ్వవిద్యాలయ ప్రాంగణం,
20 సెప్టెంబరు 2011

భానుప్రకాశ్ గారికి,

నమస్కారం. జూలైలో మా శిక్షణ కేంద్రంలో నేను చెప్పిన "కోపంగా వచ్చిన రైతుతో కౌంటర్లో మాట్లాడటం ఎలా" అనే క్లాసుకు మౌలాలిలోని మీ విత్తనాల సొసైటీ మిమ్మల్ని పంపింది. ఊరికే పంపలేదు, ఖర్చు పెట్టి పంపింది. ఆ ఖర్చుకు ఏం గిట్టిందో కొలవాలని మా డైరెక్టరు పేరయ్య గారికి కోరిక పుట్టింది. కొత్త కుండలో నీళ్లు పోసి కారుతుందేమో చూసినట్టు, చదువు చెప్పిన మనిషిని కూడా కొన్నాళ్లాగి చూడాలట. కాబట్టి క్లాసు తర్వాత మీ పనిలో వచ్చిన మార్పేమిటో ఉత్తరం రాయండి.

నియమాలు రెండే. కొలత పూర్తయ్యేదాకా పాఠం చెప్పినవారూ విన్నవారూ కలుసుకోకూడదు, ఫోన్లో కూడా మాట్లాడుకోకూడదు. మొహమాటానికి ఒకరినొకరు మెచ్చుకుంటారని పేరయ్య గారి అనుమానం. ఇక, ఏమీ నేర్చుకోలేదని తేలినవారిని మళ్లీ పిలిచి మళ్లీ చెప్పాలి.

మీ జవాబు కోసం చూస్తూ,
శ్రీలలిత, శిక్షకురాలు

తా.క. నా జోకులకు క్లాసు మొత్తంలో మీరొక్కరే నవ్వారు. దాన్ని లాభం కింద రాయకండి, పేరయ్య గారు ఒప్పుకోరు.

*

మాణికేశ్వర్ నగర్,
24 సెప్టెంబరు

శ్రీలలిత మేడం గారికి,

భానుప్రకాశ్ నమస్కారాలు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనేమీ నేర్చుకోలేదు.

మొన్న ఘట్‌కేసర్ వైపు నుంచి లచ్చవ్వ అనే పెద్దావిడ బీర విత్తనాలు మొలవలేదని కొట్లాటకు వచ్చింది. తెలంగాణ సమ్మె కదా, బస్సులు లేవు. సగం దూరం నడిచి వచ్చిన మనిషి. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాకే నోరు తెరవాలని మీరు చెప్పారని, విన్నాను. ఆమె విత్తనం దగ్గర మొదలుపెట్టి బావి, బర్రె, చిన్నకోడలు దాకా వచ్చింది. వెనక నిలబడ్డ వరస రోడ్డు దాకా పోయింది. మా మేనేజరు చంద్రయ్య సారు లోపలి నుంచి వచ్చి, "ఏందిది భానూ, ఇది కౌంటరా, హరికథనా?" అన్నాడు. శిక్షణకు ముందైతే ఆమెను రెండు ముక్కల్లో పంపించేవాణ్ణి. కనుక సొసైటీకి మిగిలింది నష్టమే. నన్ను మళ్లీ పిలవాలని మనవి.

ఇట్లు మీ మందమతి విద్యార్థి,
భానుప్రకాశ్

తా.క. మళ్లీ క్లాసు ఎప్పుడు పెడతారు? ముందుగా తెలిస్తే చొక్కా ఇస్త్రీకి ఇస్తాను.

*

తార్నాక,
30 సెప్టెంబరు

భానుప్రకాశ్ గారికి,

మీ ఉత్తరం పేరయ్య గారు మీటింగులో పైకి చదివారు. హరికథ దగ్గర అందరూ నవ్వారు, నేను తప్ప. నాలుగు రోజులు గొంతు పోయేలా చెప్పినదానికి చివరికి మిగిలింది చిన్నకోడలి ముచ్చటేనా? మరోసారి ఆలోచించి రాయండి. గోరంత మేలైనా జరిగి ఉండదా?

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను. క్యాంపస్‌లో రోజూ ర్యాలీలు, గేట్ల దగ్గర ముళ్లకంచెలు. మా కేంద్రం తెరిచిన రోజుకంటే మూసిన రోజులే ఎక్కువ. వేదవతి పిన్ని ఇంట్లో కూర్చుని ఖాళీ క్లాసును తలుచుకుంటూ ఉంటే ఏమీ తోచడం లేదు.

శ్రీలలిత

తా.క. బుధవారం చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉంటే మీరు ఊరేగింపులో వెళ్తూ నన్ను చూశారు. చూసి తల తిప్పేసుకున్నారు. మాది గుంటూరు వైపని క్లాసులో చెప్పినట్టు గుర్తు. కారణం అదే అయితే ఆ మాట రాయండి, నేనేమీ అనుకోను. అనుకుంటాను, అయినా రాయండి.

*

మాణికేశ్వర్ నగర్,
3 అక్టోబరు

శ్రీలలిత మేడం గారికి,

తల తిప్పుకున్నది మీ నియమం కోసం. కలుసుకోకూడదని మీరే రాశారు. చూడటం కలుసుకోవడం కిందికి వస్తుందో రాదో తెలియక, ఎందుకైనా మంచిదని తిప్పుకున్నాను. మెడ ఇంకా పట్టేసే ఉంది. మేము అడుగుతున్నది మా రాష్ట్రం. మిమ్మల్ని వెళ్లిపొమ్మని నేనెందుకంటాను?

ఇక పని సంగతి. గోరంత మేలు కూడా లేదు. పైగా శిక్షణతో ఉన్నది కూడా పోయింది. నిన్న ఒకరు వంగ విత్తనాలు అడిగితే బెండ ఇచ్చాను. ఇంకొకాయన తిడుతుంటే మీ పాఠం తలుచుకుంటూ నిలబడ్డాను. పాఠం గుర్తుకు రాలేదు, చెప్పిన మనిషి గుర్తొచ్చింది. ఆయన తిట్టవలసినవన్నీ తిట్టి వెళ్లిపోయాడు. నాలాంటివాడికి నాలుగు రోజులు చాలవు. తక్కువలో తక్కువ నెల పడుతుంది.

దినదినం దిగజారుతున్న
భానుప్రకాశ్

తా.క. మా మిద్దె మీద నుంచి చూస్తే మీ క్లాసు గది కిటికీ కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా మూసే ఉంటోంది. గేటు దాకా వెళ్లాను. పోలీసాయన "లోపలికి పోవడానికి ఆర్డరున్నదా?" అన్నాడు. లేదని చెప్పి వచ్చేశాను.

*

తార్నాక,
12 అక్టోబరు

భానుప్రకాశ్ గారికి,

మీరు అబద్ధమాడారు. పేరయ్య గారు మీ మేనేజరుకు కూడా వేరుగా రాశారు, ఆయన జవాబు వచ్చింది. మీరు ఓపిగ్గా విన్నాక, విత్తనం మరీ లోతుగా పెట్టానని లచ్చవ్వే ఒప్పుకుందట. కొత్త విత్తనాలు తీసుకుని వెళ్లి, మరుసటి వారం వాళ్ల వాడకట్టు ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చిందట. వంగ, బెండ గొడవ అసలు జరగనే లేదట. "మా పోరడు బంగారం. ఇంకో నలుగురిని పంపుతం, గిట్లనే చేసి ఇయ్యుండ్రి" అని రాశారు చంద్రయ్య గారు.

మరి నాకెందుకు అలా రాశారు? ఇది చెప్పకూడని సంగతి, అయినా చెబుతున్నాను. దీపావళితో నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలా వద్దా అన్నది ఈ ఉత్తరాలను బట్టే. నా ఫైలులో అన్నిటికంటే పైన ఉన్నవి మీవే. ఉద్యోగం పోతే నేను గుంటూరు వెళ్లిపోవాలి. నాకు ఈ ఊరు వదలాలని లేదు. మీకు నేనేం అపకారం చేశాను?

శ్రీలలిత

తా.క. పోస్ట్‌మ్యాన్ రాజన్న కోసం రోజూ వీధి మొదట్లోనే నిలబడేదాన్ని. శిక్షణ లెక్క కోసమని పిన్నికి చెప్పాను, పిన్ని నమ్మలేదు. మీ ఉత్తరం లేని రోజున రాజన్న నా మొహం చూడలేక దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. ఇక నిలబడను.

*

మౌలాలి సొసైటీ,
15 అక్టోబరు

శ్రీలలిత గారికి,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. పేరయ్య గారికి నిజమంతా రాసి, చంద్రయ్య సారు చేత సంతకం పెట్టించి, ఇప్పుడే పోస్టు చేసి వచ్చాను. అప్పుడే కౌంటరుకు వచ్చిన లచ్చవ్వ తను కూడా వేలిముద్ర వేస్తానంది. వద్దన్నాను.

మీ ఉద్యోగం సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఒక్క అక్షరం తప్పు రాసేవాణ్ణి కాదు. ఏమీ రానివాళ్లను మళ్లీ పిలుస్తామని మీరు రాశారు. ఆర్డరు లేకుండా నేను ఆ గేటు దాటలేను. ఆ గదిలో మళ్లీ కూర్చోవాలని జూలై నుంచి తహతహలాడుతున్నాను. అంతకంటే ఎట్లా రాయాలో తెలియడం లేదు. మీరు గుంటూరు వెళ్లకండి.

భానుప్రకాశ్

తా.క. చంద్రయ్య సారు నా భుజం మీదుగా ఈ ఉత్తరం చదివాడు. "కోపం మీదున్న రైతుతోని మంచిగ మాట్లాడుతవు. గీడికొచ్చేసరికి నోరు పెగలదేందిరా?" అన్నాడు.

*

తార్నాక,
20 అక్టోబరు

భానుప్రకాశ్ గారికి,

తనకు మీరు రాసిన ఉత్తరం చూసి పేరయ్య గారు పొంగిపోయారు. నా కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. ఇంత గిట్టిన మనిషి మీద ఇంకొంచెం ఖర్చు పెడితే ఇంకెంత గిడుతుందో అని ఇప్పుడు ఆయన ఆరాటం. మీరెందుకు అబద్ధమాడారో మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. చదువు మీద మమకారం అనుకుంటున్నారు. నేను కాదనలేదు.

కొలత పూర్తయింది. మీ గురించి చివరి మాట రాయవలసింది నేనే. మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చాలాసేపు చదివాను. ఇవాళ మళ్లీ వీధి మొదట్లో నిలబడ్డాను కూడా. చివరికి ఇలా రాశాను: "ఎదుటివారు చెప్పేది వినడం ఈయనకు చక్కగా వచ్చింది. తాను చెప్పవలసింది చెప్పడం మాత్రం బొత్తిగా రాలేదు. మళ్లీ శిక్షణ తప్పనిసరి."

పేరయ్య గారు సంతోషంగా సంతకం చేశారు. ఆర్డరు ఈ కవరులోనే ఉంది. సోమవారం పదింటికి గేటు దగ్గర చూపించి లోపలికి రండి.

మీ కోసం కాచుకుని ఉండే
శ్రీలలిత

తా.క. ఈసారి క్లాసులో మీరొక్కరే. మిగతా అందరూ పాసయ్యారు.